అభిమానుల సంతలో దొంగసరకు

అభిమానము పేరిట జరుగు వర్తకమునకు తక్కిన వర్తకములకంటె హెచ్చు నిజాయితీ యుండవలెను. ఉప్పునకో పప్పునకో అంగడికి బోవువాడు సరకు కొఱకు మాత్రమే పోవును. యానిమే అభిమానుల సమ్మేళనమునకు బోవువాడట్లు గాదు. తాను ప్రేమించిన కథయందును, ఆ కథను కల్పించినవారియందును తనకు గల యాదరమును నలుగురితో పంచుకొనుటకై పోవుచున్నాడు. అట్టి చోటనే, ఆ కల్పనకర్తల శ్రమను దోచి పోతపోసిన నకిలీ బొమ్మలను బల్లలపై బారులుగా పేర్చి పట్టపగలు విక్రయించుటకంటె విపరీతమేమి గలదు? దేవుని యాభరణములను దొంగిలించి, ఆ గుడి ముంగిటనే భక్తులకు అమ్మినట్లున్నది.

ఈ యక్రమమునకు వర్తకుడొక్కడే బాధ్యుడని అందఱు తలచుచున్నారు. అది సగము సత్యము. అతనికి బల్ల అద్దెకిచ్చిన నిర్వాహకుడును, ఎఱిగి యెఱిగి కొన్న అభిమానియు అతనితో పాలివారే. మువ్వురిలో నిర్వాహకుని బాధ్యతయే మిక్కిలి పెద్దదని మేము నిస్సంశయముగా జెప్పుచున్నాము. ఏలయన, దొంగసరకును లోనికి రానీయకుండుటకు వలసిన యధికారము అతని చేతిలో నున్నది.

ఈ విషయము నెఱుగని పాఠకులకు కొంత వివరింపవలసి యున్నది. గీసిన బొమ్మలు కదలునట్లు చేసి కథ చెప్పు జపాను చిత్రములకు యానిమే యని పేరు. ఆ కథలలోని పాత్రల రూపములను ప్లాస్టిక్కుతో మలచి రంగులద్దిన ప్రతిమలను ఫిగర్లని వ్యవహరింతురు. తాళపుచెవుల గొలుసులు, చొక్కాకు గ్రుచ్చుకొను బిళ్లలు, పాత్రల చిత్రములచ్చొత్తిన అక్రిలిక్ పలకలు, వేషధారణ సామగ్రి వీనికి తోడు. అమెరికాలో యానిమే ఎక్స్‌పో 1992 లోను, ఓటకాన్ 1994 లోను ప్రారంభమైనవి. మన దేశమున కామిక్ కాన్ 2011 లో ఢిల్లీలో మొదలై, పిమ్మట హైదరాబాదు మున్నగు నగరములకు వ్యాపించినది. ఇట్టి సమ్మేళనములలో వర్తకులకై ప్రత్యేకముగా నొక శాల యుండుట పరిపాటి. హైదరాబాదులోని తెలుగు విద్యార్థియు, కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగువారి బిడ్డయు తాము కూడబెట్టుకొన్న సొమ్మును ఆ శాలలోనే వెచ్చించుచున్నారు. మేమిచట ఏ యొక్క సమ్మేళనమును వ్రేలెత్తి చూపుట లేదు. రోగము ఒక యూరిది కాదు. మందు మాత్రము అన్ని యూళ్లకు నొక్కటే.

మొట్టమొదట, ఒక ఫిగరు పుట్టుటకు ఎంతమంది చేతులు గావలెనో ఆలోచింపుడు. కాగితముమీద పలుచగా గీసిన రూపమునకు ముందు వెనుకలు, బరువు, నిలుకడ కల్పించి మూలప్రతిమను మలచు శిల్పి యుండవలెను. జపానులో అతనిని గెంకేషి యందురు. అతడు మట్టితోనో, ముద్దతోనో, గణనయంత్రముమీదనో మలచిన దానిని కథాహక్కులు గలవారు పరిశీలించి, కన్ను పెద్దదనియు, వేలు వంగినదనియు దిద్దుబాట్లు చెప్పుదురు. పిమ్మట రంగుల శిల్పి మాదిరిప్రతిమకు వన్నెలు నిర్ణయించును. ఆపైన ఉక్కుమూసలు చెక్కించి, కర్మాగారమున పోతపోసి, కనుపాపలను ముద్రణముచేతను, తక్కిన వన్నెలను చేతి పనిచేతను తీర్చి, పెట్టెలకెత్తుదురు. ముందుగా ఆర్డర్లు పుచ్చుకొని, వాని లెక్కనుబట్టి బొమ్మలు చేయుటయు కలదు. ప్రకటించిన నాటినుండి చేతికి వచ్చునప్పటికి సంవత్సరము గడచుట అరుదు గాదు. ఏడవవంతు పరిమాణపు బొమ్మ వెల 20,000 యెన్‌ల చెంతకు చేరుటకు ఈ శ్రమ యంతయు గారణము.

ఇక నకిలీవాని పని యెట్టిది? అంగట దొరకిన నిజమైన బొమ్మ నొకదానిని కొని, విడదీసి, దానిపై మూస తీసి, మఱల పోయును. మూసనుండి మూస తీసినప్పుడు రూపము కొంచెము కుంచించును. వెండ్రుకల కొనలు మొద్దుబాఱును. ముక్కలు ఒకదానికొకటి యతుకక సందులు విడును. కనుపాపలు ప్రక్కకు దొలగును. చర్మమునకు నూనె పూసినట్టి జిడ్డు మెఱుపు వచ్చును. శిల్పికి జీతము లేదు; హక్కుదారునకు భాగము లేదు; పరీక్షకు వ్యయము లేదు. కావున అతడు మూడవవంతు వెలకు అమ్మినను లాభమే. అతడు చౌకగా తయారుచేయుట లేదు. ఇతరులకు చెల్లవలసినది చెల్లింపక యెగవేయుచున్నాడు. చౌకకును ఎగవేతకును గల యీ భేదమును కొనువాడు గ్రహింపవలెను.

ప్లాస్టిక్కు బొమ్మకు శిల్పమేమి, శిల్పి యేమి యని నవ్వువారు కలరు. వారికొక్క నిదర్శనము చూపుచున్నాము. మురాకామి తకాషియను జపాను చిత్రకారుడు 1990 దశకములో మిస్ కో-2 యను నిలువెత్తు ప్రతిమను ప్రదర్శించెను. యానిమే బొమ్మల పద్ధతి ననుసరించిన యా రూపమును మలచిన చేయి కాయోదో సంస్థలో ఫిగర్లు మలచు బోమే యను శిల్పిది. ఆ ప్రతిమ 2003 లో న్యూయార్కు వేలమున 5,67,500 డాలర్లకు అమ్ముడుపోయినది. ధనవంతుని మందిరమున నిలిచినప్పుడు శిల్పమై, విద్యార్థి మేజాపై నిలిచినప్పుడు అదే చేతిపని ఆటవస్తువగునా? ఆ చేయి పనిచేసినందుకు కూలి యెచటనైనను కూలియే.

ఇక నకిలీని సమర్థించువారి వాదములను విచారింతము. మొదటిది పేదవాని వాదము. "నిజమైన బొమ్మను కొను తాహతు మాకు లేదు, పైగా సుంకములు భారముగా నున్నవి" అందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. మన ప్రభుత్వము ఆటబొమ్మల దిగుమతిపై సుంకమును 2020 లో నూటికి 20 నుండి 60 కి పెంచెను. 2023 లో దానిని 70 కి జేర్చెను. తెప్పించుకొన్న ఫిగరును అధికారులు ఆ తరగతిలో జమకట్టినచో విద్యార్థికి కష్టమే. ఆ సుంకము న్యాయమా కాదా యను చర్చ వేఱు. దానిని చట్టసభలో తేల్చుకొనవలెను. సుంకము వేసినది ప్రభుత్వము; వేయించుకొన్నవాడు కొనుగోలుదారు; వీరిద్దఱి తగవులో శిల్పి జేబు కొట్టుట యే ధర్మము? అదియునుగాక, పేదవానికి మార్గములు లేకపోలేదు. చిన్న ఫిగర్లున్నవి. గుడ్ స్మైల్ కంపెనీ 2006 నుండి చేయుచున్న నెండొరాయిడ్లు సుమారు పది సెంటీమీటర్ల యెత్తువి. పెద్ద ప్రతిమలలో మూడవవంతు వెలకే దొరకును. ఆటశాలలలో బహుమతులకై తయారగు ఫిగర్లు అంతకంటె తక్కువ వెలకు చేతులు మాఱుచుండును. వాడిన వస్తువుల వర్తకమున్నది. టోక్యోలోని నకానోలో 1980 లో చిన్న పాతపుస్తకముల అంగడిగా మొదలైన మందరాకే నేడు ఇట్టి వస్తువులకు పెద్ద నిలయము. వాడిన దైనను నిజమైన బొమ్మ నిజమైనదే. ఇవి యేవియు గాకున్న, కొనక యుండుట యను మార్గ మెల్లవారికిని గలదు. బొమ్మ అన్నము గాదు. లేకున్న ప్రాణము పోదు. ఆకలిగొన్నవాడు దొంగిలించెనన్న ధర్మశాస్త్రము జాలిపడవచ్చును గాని, అలమారలో ఖాళీ యున్నదని దొంగిలించినవానిపై జాలి యెందులకు?

రెండవది ధనికసంస్థల వాదము. "ఆ కంపెనీలు కోటీశ్వరులవి, ఒక్క బొమ్మతో వారికేమి నష్టము?" అందురు. కంపెనీ యన్న పేరు వినగానే ఆకాశహర్మ్యములు తలచుకొనుట పొరపాటు. కాయోదో 1964 లో ఒసాకా మండలమున నొక చిన్న యంగడిగా బుట్టినది. ఫిగర్ల వృత్తిలో నేటికిని శిల్పి యొక్కడై, లేక నలుగురైదుగురు కూడి నడుపుకొను చిన్న సంస్థలు పెక్కు గలవు. కంపెనీ పెద్దదేయైనను న్యాయము మాఱదు. మూల బొమ్మ ఆశించినంత అమ్ముడుపోనియెడల, యజమాని తన యిల్లమ్ముకొనడు. ఆ పాత్రకు రెండవ బొమ్మ చేయింపడు. అనగా పెద్దపేరు లేని కథను ప్రేమించిన అభిమానికి, తన ప్రియపాత్ర బొమ్మ యెన్నటికిని దొరకదు. నకిలీని కొన్నవాడు ధనికుని దెబ్బతీసితినని సంతసించుచు తన తోడి యభిమానినే దెబ్బతీయుచున్నాడు.

మూడవది మిక్కిలి తెలివైన వాదము. "అభిమానులు సైతము ఇతరుల పాత్రలను గీసి యమ్ముచున్నారు గదా, వారిని క్షమించి మమ్ము నిందింతురేల?" అందురు. 1975 డిసెంబరులో టోక్యోలో కామిక్ మార్కెట్టు ప్రారంభమైన నాటినుండి అభిమానులు స్వయముగా రచించి అచ్చొత్తించుకొన్న పుస్తకములు అచట అమ్ముడగుట నిజమే. అయితే ఆ రచయిత తన చేతితో గీసినాడు. తన పేరు పెట్టుకొన్నాడు. తన పుస్తకము మూలకర్త పుస్తకమని ఎవరిని నమ్మింపలేదు. అట్టి రచనలలో నేది సమ్మతము, ఏది కాదు అని చెప్పు హక్కు మూలకర్తకు నిలిచియే యున్నది. హత్సునే మికు పాత్రను 2007 లో లోకమున ప్రవేశపెట్టిన క్రిప్టన్ సంస్థ, లాభాపేక్ష లేని అభిమానరచనలకు తానే నియమములతో ద్వారము తెఱచినది. నకిలీ బొమ్మవాడు చేయునది రచన కాదు. ఇతరుని మూర్తిని, ఇతరుని పెట్టెను, తుదకు ఇతరుని ముద్రను గూడ దొంగిలించుచున్నాడు. అభిమానశిల్పిని అడ్డుపెట్టుకొని అతడు తప్పించుకొనజూచుట ఆ శిల్పికే యవమానము.

ఈ భేదమును పాటించుట సాధ్యమే యని జపానులోని వండర్ ఫెస్టివల్ చూపుచున్నది. 1985 లో మొదలైన యీ మూర్తుల సంతను 1992 నుండి కాయోదో నడుపుచున్నది. చీబాలోని మకుహారి మెస్సేలో వేసవియందును, శీతకాలమందును జరుగును. వృత్తిదారులు గాని శిల్పులు సైతము తాము మలచిన ప్రతిమలను అచట అమ్ముకొనవచ్చును. కాని కథాహక్కు పరులదైనపుడు, నెలల ముందుగా నిర్వాహకులద్వారా హక్కుదారునకు దరఖాస్తు పెట్టవలెను. హక్కుదారు డంగీకరించినచో ఆ యొక్క దినమునకు, ఆ యొక్క శాలలో మాత్రము అమ్ముటకు అనుమతి లభించును. దానికి తగిన భాగము చెల్లింపవలెను. దీనికి ఆనాటి హక్కు అని పేరు. వేలకొలది శిల్పులు వచ్చు సంతలో, ఒక్కొక్క మూర్తికి వేఱువేఱుగా అనుమతి తెప్పించు పద్ధతి దశాబ్దములుగా నడచుచున్నది. ఇక పదులకొలదియో, వందలకొలదియో బల్లలు గల సమ్మేళనము వారు "అందఱి సరకును చూచుట మా వల్ల గాదు" అని చేతులు దులుపుకొనిన నమ్మువారెవరు? వల్లగాక కాదు, ఇష్టము లేక.

నిర్వాహకుల సంగతి యిచటనే తేటపడుచున్నది. పెక్కు సమ్మేళనముల నియమపత్రములలో నకిలీ సరకు నిషిద్ధమని ముద్రింపబడియే యున్నది. వర్తకుడు సంతకము చేయును. నిర్వాహకుడు అద్దె పుచ్చుకొనును. ఆపైన ఆ పత్రము సొరుగులో నిద్రించును. ఎవరైన ఫిర్యాదు చేసినచో "హక్కుదారుడు వచ్చి చెప్పినగాని మేమేమి చేయలేము" అనుట మామూలైన సమాధానము. సముద్రములకావలి శిల్పి హైదరాబాదునకో, అమెరికాలోని చిన్న పట్టణమునకో బల్లబల్లకు తిరిగి తన బొమ్మను వెదకికొనవలెనట! ఇల్లు అద్దెకిచ్చినవాడు లోపల జరుగుదానిని చూడలేదనిన, మొదటి మాఱు నమ్మవచ్చును. ఏటేట అదే వర్తకుడు, అదే సరకు, అదే బల్ల యైనపుడు ఆ మాట నమ్ముట యెట్లు? మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము 63 వ సెక్షను, తెలిసి హక్కును భంగపఱచిన వానితోపాటు అందుకు తెలిసి తోడ్పడిన వానిని గూడ శిక్షార్హుని జేసినది. ఆఱు నెలలకు తక్కువగాక మూడేండ్లవఱకు కారాగారమును, 50,000 రూపాయలకు తక్కువగాక రెండు లక్షలవఱకు జుల్మానాయు సామాన్యముగా విధింపదగిన శిక్షలు. చట్టము పేరెత్తి బెదరించుట మా యభిమతము గాదు. ఎఱుగనట్లు నటించుట రక్షణ కాదని మాత్రమే హెచ్చరించుచున్నాము.

ఇది డబ్బు మాట మాత్రమే గాదు; ఆరోగ్యపు మాటయు నున్నది. ఫిగర్లలో నెక్కువగా వాడు పీవీసీ ప్లాస్టిక్కును మెత్తన జేయుటకు కొన్ని రసాయనములను కలుపుదురు. వానిలో థాలేటులను కొన్నింటిని పిల్లల యాటవస్తువులలో నూటికి 0.1 వంతునకు మించరాదని ఐరోపా సమాఖ్య 2005 లోను, అమెరికా 2008 లోను శాసించినవి. మన దేశమున పదునాలుగేండ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ప్రమాణముద్ర విధింపబడినది. ఫిగర్లు పిల్లల యాటకై చేసినవి గావన్నమాట నిజమే. పెట్టెలపై సాధారణముగా వయఃపరిమితి వ్రాసియుండును. అయినను ఇంట నున్న పసివాడు పెట్టెపై వ్రాత చదువునా? నిజమైన బొమ్మ చేసినవాడు పెట్టెపై పేరు వ్రాసి బాధ్యత వహించును. నకిలీవాడు తన పేరు చెప్పడు. అతడేమి కలిపెనో, ఏ రంగు పూసెనో యెవరిని నిలదీయవలెను?

తెలుగువారమైన మనకు ఈ బాధ క్రొత్తది గాదు. పోచంపల్లి సాలె వాడు నూలుపోగులకు ముందుగా కట్లు గట్టి రంగు లద్ది, లెక్క తప్పకుండ నేసిన పనితనమును, యంత్రమొకటి గుడ్డపై అచ్చొత్తి పోచంపల్లి పేరిట సగము వెలకు అమ్మినప్పుడు మన మెంత వగచితిమి! అచ్చుగుడ్డ తిరుగవేసి చూచిన వెనుక ప్రక్క వెలవెలబోవును. నేతగుడ్డ రెండు ప్రక్కల నొక్కతీరున నుండునని మన యాడువారు బిడ్డలకు నేర్పినారు. వరాహనది యొడ్డున ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడుకఱ్ఱను కదురుపై త్రిప్పి లక్కతో వన్నెదీర్చిన బొమ్మకు 2017 లో భౌగోళిక గుర్తింపు లభించినపుడు సంతసించితిమి. ఆ గుర్తింపు అర్థమేమి? ఈ చేతులు చేసినదే యీ పేరున అమ్ముడుపోవలెననుటయే గదా! మన బొమ్మలవాని కొక ధర్మము, జపాను బొమ్మలవాని కొక ధర్మము ననుట న్యాయము గాదు. కొండపల్లి బొమ్మకు దొంగపోత వచ్చిన కోపగించు వాడు, గెంకేషి బొమ్మకు వచ్చినప్పుడు బేరమాడుచు నిలుచుట సిగ్గుచేటు.

కావున చేయవలసినదేమి? నిర్వాహకులు బల్ల కేటాయించుటకు పూర్వమే ప్రతి వర్తకుని సరకుపట్టీని, కొనుగోలు రసీదులను అడిగి చూడవలెను. సమ్మేళనము తలుపులు తెఱచుటకు ముందు, బొమ్మల నెఱిగిన యిద్దఱు ముగ్గురు అభిమానులను వెంటబెట్టుకొని బల్లలన్నియు తనిఖీ చేయవలెను. నకిలీ పట్టుబడినచో ఆ సరకును అప్పుడే తొలగింపవలెను. అద్దె తిరిగి యీయరాదు. మఱుసటి యేట వానికి చోటీయరాదు. మోసపోయినవాడు ఫిర్యాదు చేసికొనుటకు ఒక బల్ల యుండవలెను. స్వహస్తముతో గీసి, మలచి అమ్ముకొను అభిమానకళాకారులకు వేఱు వరుస, వేఱు నియమములు, తక్కువ అద్దె యేర్పఱచవలెను. ఇందులో నేదియు అసాధ్యము గాదు. అధిక వ్యయమును గాదు. కొన్ని బల్లల యద్దె పోవునేమో. ఆ యద్దె అసలు రాదగినది గాదు.

అభిమానుల కర్తవ్యము ఇంకను సులభము. పెట్టెపై తయారుచేసినవాని పేరు, హక్కుదారుని పేరు ఉన్నవేమో చూడుడు. తోయే యానిమేషన్ వారి కథల వస్తువుల పెట్టెలపై మెఱయు ముద్రచీటి యుండును. దాని కొఱకు వెదకుడు. పెట్టె లేక సంచిలో జుట్టియిచ్చు క్రొత్త బొమ్మను శంకింపుడు. కనుపాపలను, అతుకులను, వాసనను పరీక్షింపుడు. మూల వెలలో మూడవవంతునకు క్రొత్త బొమ్మ నిచ్చెదనన్న వర్తకుని "ఇదెట్లు గిట్టుబాటగును?" అని నలుగురిలో బిగ్గఱగా నడుగుడు. ఆ ప్రశ్న కతడు జంకును. జంకనియెడల నిర్వాహకుని యొద్దకు పొండు. ఒక్కరు పోయిన పట్టించుకొనడు. పదిమంది పోయిన లేచి నిలుచును. నూఱుగురు కొనుట మానిన, వర్తకుడే మూటగట్టుకొని పోవును.

సేకరణ యనగా వస్తువులను ప్రోగుచేయుట గాదు. వాని విలువ నెఱిగి కాపాడుట. అలమారలో ముప్పది నకిలీలున్నవాడు సేకరణకర్త గాడు. దొంగసొమ్ము దాచిన గిడ్డంగికి కాపరి. ఒక్క చిన్న బొమ్మయే యున్నను, అది చేసినవాని కూలి చెల్లించి తెచ్చుకొన్నవాడు ఆ కథకు నిజమైన యభిమాని. వర్తకుల శాలను నడుపు పెద్దలు ఈ భేదమును గుర్తింతురు గాక. గుర్తింపనియెడల, అభిమానుల సమ్మేళనమను పేరు తమ ద్వారమునుండి తొలగించి, దొంగసరకు సంతయని వ్రాసికొందురు గాక. అప్పుడు కొనవచ్చువారికైనను తామెచటికి వచ్చినారో తెలియును.